కథ మనది, నాదమెవరిది?

సాహసగాథలపై మన ప్రజలకు గల మక్కువ నేటిది కాదు. బొబ్బిలి కథయు, పల్నాటి కథయు తెల్లవార్లు కూర్చుండి విన్న జాతి మనది. ఆ కథలు చెప్పినవాడు వట్టినోటితో చెప్పలేదు. తంబురను భుజమున వేసికొని, గుమ్మెటలను ప్రక్కన నిలుపుకొని చెప్పినాడు. యుద్ధఘట్టము వచ్చునప్పటికి గుమ్మెటల వేగము హెచ్చెడిది. వీరుడు నేలకొరగునప్పటికి తంబుర యొక్కటియే మిగిలెడిది. వినువారి గుండె ఆ రెంటినడుమ ఊగులాడెడిది. నేడు కథకుని స్థానమును చలనచిత్ర మాక్రమించినది. గుమ్మెట స్థానమును నేపథ్యసంగీత మాక్రమించినది. తెరపై కత్తులు దూయబడినప్పుడు, ఓడలు తుపానులో చిక్కినప్పుడు, ప్రేక్షకుని యుద్వేగములో కన్నుపాలెంత, చెవిపాలెంత యని ఎవ్వరును లెక్కగట్టరు. ధ్వనిని తీసివేసి ఆ చిత్రమునే చూచినచో తెలియును: వీరుడు వీరుడుగా దోపడు, కసరత్తు చేయువాడుగా దోచును.

ఈ ప్రసంగము నిప్పు డెత్తుకొనుటకు కారణము కలదు. విశాఖపట్టణము సాహసచిత్రములకు తరగని గని వంటిది. సముద్రమున్నది, కొండలున్నవి, రేవున్నది, వెనుక మన్యపుటడవి యున్నది. అంతకంటె ముఖ్యముగా ఆ అడవిలోను ఆ సముద్రములోను జరిగిన వీరగాథ లున్నవి. చిత్రములు తీయువారు వచ్చుచున్నారు, తీసికొని పోవుచున్నారు. భీమిలి దారిలో కొండపై రామానాయుడు స్టూడియోయు వెలసినది. కాని చలనచిత్రములకు వాయించుటకై జీతముపై నిలిపిన వాద్యబృంద మీ నగరమున లేదు. కథ యిచ్చట పుట్టి, బొమ్మ యిచ్చట పట్టబడి, నాదము కొరకు మాత్రము పరస్థలములకు పోవుచున్నది.

ముడిసరుకు నమ్ముకొని తయారైన వస్తువును కొనుక్కొను జాతి బాగుపడదని మన పెద్దలు స్వదేశీయోద్యమకాలమున ఇంటింటికిని చెప్పిరి. ఈ పాఠమును విశాఖకు మరల నేర్పనక్కరలేదు. బైలదిల్లా కొండల ఇనుపఖనిజము కొత్తవలస–కిరండోల్ రైలుమార్గమున దిగివచ్చి, ఈ రేవున ఓడ లెక్కి జపాను దేశమునకు పోయినది. ఖనిజము పోవుట కాదు, ఉక్కు ఇచ్చటనే కావలెనని 1966లో ఆంధ్రు లుద్యమించిరి. ఆ యుద్యమమున 32 మంది ప్రాణము లర్పించిరి. 1971 జనవరి 20న ఇందిరాగాంధి కర్మాగారమునకు శంకుస్థాపన చేసెను. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దానిని జాతి కంకితము చేసెను. ఖనిజమునకు వర్తించిన న్యాయము కథకు వర్తింపదా? కథ ఖనిజము; దానిని కరగించి పోతపోయు కొలిమి వాద్యబృందము.

ఇది కోరదగినదే కాని కాదగినది కాదని కొందరనవచ్చును. వారికి 1948వ సంవత్సరమును జ్ఞప్తికి దెచ్చెదము. ఆ యేడు మార్చి 14న విశాఖపట్టణమున సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలలో నిర్మింపబడిన ‘జల ఉష’ను జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించెను. సముద్రములు దాటు ఓడలను మన చేతులతో కట్టగలమను ధైర్యము ఆనాడు దేశమునకు గలిగెను. సరిగా ఇరువదియారు దినములకు, ఏప్రిల్ 9న, మద్రాసులో మరియొక స్వదేశీనిర్మాణము ప్రజలయెదుట నిలిచెను. అది జెమినీ అధిపతి ఎస్.ఎస్. వాసన్ నిర్మించి, దర్శకత్వము వహించిన ‘చంద్రలేఖ’. ముప్పది లక్షల రూపాయలు వ్యయమైనవని ప్రసిద్ధి గన్న ఆ సాహసచిత్రము అరవభాషలో వచ్చినది. ఆ యేడే డిసెంబరులో హిందీలోను వచ్చి దేశమంతటను మారుమ్రోగినది. దానికి సంగీతము గూర్చినవాడు సాలూరి రాజేశ్వరరావు.

ఆయన మద్రాసువాడు కాడు. 1922 అక్టోబరు 11న, అప్పటి విశాఖపట్టణము జిల్లాలో, సాలూరు సమీపమున శివరామపురమను పల్లెలో జన్మించెను. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలుకు ప్రక్కవాద్యము వాయించినవాడు. బాల్యముననే రాజేశ్వరరావు గ్రామఫోను పలకల కెక్కెను. 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రమున బాలకృష్ణుడుగా నటించెను. పిమ్మట కలకత్తా చేరి ఆర్.సి. బొరాల్, పంకజ మల్లిక్‌ల బాణీలను దగ్గరనుండి వినెను. మన్యపుటంచున బుట్టిన బాలుని చెవిలో కర్ణాటకమును, హిందూస్థానీయు, వంగదేశపు పాటయు ఈ విధముగా ఒక్కచోట నివాసమేర్పరచుకొన్నవి. ‘చంద్రలేఖ’ విడుదలయగునప్పటి కాయన వయస్సు ఇరువదియారేండ్లు కూడ నిండలేదు.

ఆ చిత్రపు సంగీతమును విన్నవారు దానిలో పలుదేశముల నడకలను గుర్తింతురు. మన రాగములున్నవి, సర్కసు దృశ్యములలో పడమటి వాల్ట్జు నడకయు వినిపించును, దక్షిణ అమెరికా లయలు తొంగిచూచును. నేపథ్యసంగీతమున ఎం.డి. పార్థసారథి, ఆర్. వైద్యనాథన్‌లు పాలుపంచుకొనిరి. కాని ఆ చిత్రమును చిరస్మరణీయముగ జేసినది భేరీనృత్యము. బ్రహ్మాండమైన భేరుల వరుసలు, వాటిపై నర్తకీసమూహము, సింహాసన మాక్రమించిన దుష్టుడు మైమరచి చూచుచుండగా, ఆ భేరుల గర్భములనుండి దాగియున్న సైనికులు వెలికురికి కోటను ముట్టడింతురు. ఆ వెనువెంటనే కత్తియుద్ధము. వందలకొలది నర్తకులు నెలలతరబడి అభ్యాసము చేసిన దృశ్యమది.

ఇందు గమనింపవలసిన యంశ మొకటి కలదు. ఆ దృశ్యమున భేరి వట్టి యలంకారము కాదు. సంగీతము కథకు వెలుపల నిలిచి డప్పు కొట్టుటలేదు. కథయే భేరిలో దాగియున్నది. లయ పెరుగుకొలది ప్రేక్షకునికి ఆనందమును కలుగును, భయమును కలుగును; ఏల యనగా లోపల నెవరున్నారో వాడెరుగును, దుష్టుడెరుగడు. సాహసచిత్రమునకు సంగీత మెట్లుండవలెనో చెప్పుటకు ఇంతకంటె వేరు లక్షణగ్రంథ మక్కరలేదు. నేడు పెక్కు చిత్రములలో వీరుడు అడుగు తీసి అడుగు వేసిన ప్రతిసారియు చెవులు చిల్లులుపడునట్లు మ్రోయించుచున్నారు. అది వీరరసము కాదు. వీరరసమునకు స్థాయి ఉత్సాహమని లాక్షణికులు చెప్పిరి. ఉత్సాహము లోనుండి పుట్టవలెను గాని, వెలుపలనుండి మోదిన బుట్టదు.

‘చంద్రలేఖ’వంటి సంగీత మెట్లు సాధ్యమైనది? రాజేశ్వరరావు ప్రతిభ మొదటి కారణమనుట నిజమే. రెండవ కారణమును మరువరాదు. ఆనాటి పెద్ద స్టూడియోలు వాద్యకారులను నెలజీతములపై పోషించినవి. ఫిడేలు వాయించువాడును, ట్రంపెటు ఊదువాడును, మృదంగము వాయించువాడును ప్రతిదినము నొక్క కప్పుక్రింద కూర్చుండిరి; ఒకరి ఊపిరి నొకరెరిగిరి. ధ్వనిని ఫిలిముపై కాంతిరూపమున ముద్రించు కాలమది. ముద్రించినదానిని వెంటనే వినుటకు వీలులేదు. ఫిలిమును కడిగినపిమ్మట గాని తప్పొప్పులు తెలియవు. నలుబదిమందిలో నొక్కడు తప్పినను అందరును మొదటినుండి వాయింపవలసినదే. అట్టి కట్టుబాటులో నలిగిన బృందమునకు గల పొందిక, ఆ పూటకు పిలిపించిన కూలివాద్యకారుల కెట్లు గలుగును?

ఆ స్టూడియోల కాలము గతించినది. జీతములు పోయి దినభత్యములు వచ్చినవి. దినభత్యములుకూడ తగ్గి, మీటలపెట్టె యొకటి నలుబదిమంది పని చేయునన్న మాట వచ్చినది. నిజమైన వాద్యసమూహము కావలసినపుడు మన సంగీతదర్శకులు సముద్రములు దాటుచున్నారు. 2000లో వచ్చిన ‘హే రామ్’ చిత్రమునకు ఇళయరాజా బుడాపెస్టు నగరపు వాద్యబృందముచే వాయింపించెను. 2005లో తిరువాచకమునకును ఆ నగరమునే యాశ్రయించెను. 2025 మార్చి 8న తన సింఫనీని లండనులో రాయల్ ఫిల్‌హార్మోనిక్ బృందముచే వినిపించెను. ఆయనను మేము తప్పుపట్టుటలేదు. ఆ విదేశీయుల విద్యను తక్కువచేయుటయు లేదు. హంగేరీవంటి చిన్నదేశము తన వాద్యబృందములను నిలుపుకొన్నది. కనుక ప్రపంచము దాని వాకిట నిలిచినది. మనము నిలుపుకొనలేదు, కనుక మనము పరుల వాకిట నిలిచితిమి. స్వదేశీ యనగా పరుని ద్వేషించుట కాదు. తన యింట దీపము పెట్టుకొనుట.

ఇక విశాఖ కథలను చూతము. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుఠాణాపై దాడితో అల్లూరి సీతారామరాజు మన్యపు పోరాటము నారంభించెను. ఆ కథ 1974 మే 1న తెరకెక్కినది. తెలుగున మొదటి సినిమాస్కోపు చిత్రమదియే. చింతపల్లి ప్రాంతముననే దానిని తీసిరి. ఆదినారాయణరావు సంగీతము గూర్చెను. విశాఖలో బుట్టిన శ్రీశ్రీ వ్రాసిన పాటకు జాతీయపురస్కారము లభించెను. 2022 మార్చి 25న అదే వీరుని పేరుతో కల్పితగాథగా ‘ఆర్ఆర్ఆర్’ వచ్చెను. అటుపిమ్మట పది దినములకే, ఏప్రిల్ 4న, మన్యప్రాంతము ఆ వీరుని పేర జిల్లాగా నేర్పడెను. ఆ చిత్రములోని నాట్యగీతమునకు 2023లో ఆస్కారు వచ్చినదని పసిబిడ్డ లెరుగుదురు. ఆ యేడే ప్రకటింపబడిన 69వ జాతీయపురస్కారములలో కీరవాణికి వచ్చినది పాటలకు గాక, ఆ చిత్రపు నేపథ్యసంగీతమునకని ఎందరెరుగుదురు? పాటను పాడుకొందుము, నేపథ్యసంగీతమును అనుభవించి మరచిపోవుదుము. నీరు త్రాగినవాడు నూయి త్రవ్వినవానిని దలపనట్లే యిదియును.

అడవికథ అట్లుండగా సముద్రపు కథ మరియొకటి కలదు. 1971 డిసెంబరు 3–4 తేదీల రాత్రి పాకిస్థాను జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖతీరమున మునిగిపోయినది. ఆ సంఘటన నాధారముగా గొని సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ 2017 ఫిబ్రవరి 17న విడుదలై, ఉత్తమ తెలుగుచిత్రముగ జాతీయపురస్కారము నందెను. దానికి ‘కె’ యను సంగీతదర్శకుడు నేపథ్యసంగీతము గూర్చెను. నృత్యగీతములు లేని చిత్రమది. రామకృష్ణాబీచి నొడ్డున నిలిపిన ‘కురుసుర’ జలాంతర్గామిలోనికి దిగి చూచినవారికి ఒక సంగతి తట్టకమానదు: ఆ ఇనుపగొట్టములో కిటికీలు లేవు. మునిగియున్నవేళ శత్రువును కంటితో చూడరు, చెవితో కనిపెట్టుదురు. చెంచా జారి క్రిందపడినను ప్రాణాపాయమే. అట్టి కథకు సంగీతము గూర్చువానికి మ్రోయించుట యెంత తెలియవలెనో, మౌనము వహించుటయు నంత తెలియవలెను. ఈ నిశ్శబ్దపు విలువ, దాని నడుమ నలుబది ఫిడేళ్లు ఒక్కసారిగ సన్నని ఊపిరి తీసినపుడు కలుగు గగుర్పాటు, యంత్రపు మీటనుండి వచ్చునవి కావు.

వాద్యబృందమునకు కావలసిన సంపత్తి విశాఖ చుట్టుప్రక్కల లేదా? ఉన్నది; చెల్లాచెదరై యున్నది. ఆమడల దూరములోనే విజయనగరమున 1919లో స్థాపింపబడిన సంగీతకళాశాల కలదు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి యధ్యక్షులు; పిమ్మట ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ద్వారంవారి ఫిడేలు విని యెహుదీ మెనుహిన్‌వంటివాడు మెచ్చుకొనెను. ఘంటసాల అచ్చటనే విద్య నేర్చెను. సాహసచిత్రములలో తలమానికమైన ‘పాతాళభైరవి’కి 1951లో సంగీతము గూర్చినది ఆయనయే. ఫిడేళ్లకు ఆ పరంపర యుండగా, ఊదు వాద్యములకు తూర్పునౌకాదళపు బ్యాండు కలదు. పదవీవిరమణ చేసిన బ్యాండు వాద్యకారులు ఈ యూరిలోనే గృహస్థులై యున్నారు. ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో సంగీతశాఖ కలదు. ఆలయములలో సన్నాయి, డోలు కలవు.

వీటన్నిటికిని మించినది మన్యపు సంపద. అరకు ప్రాంతమున థింసా నృత్యమునకు వాయించు తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు విన్నవాడు వాటిని మరువలేడు. జోడుకొమ్ము లొక్కసారి ఊదిన కొండ బదులు పలుకును. యుద్ధఘట్టమునకు అంతకంటె తగిన నాదమేమున్నది? అల్లూరి కథ తీయునపుడు ఆ నాదము తెర వెనుకనుండి వినబడవలదా? నేడు ఆ వాద్యకారుల నేమిచేయుచున్నాము? పెద్దలు వచ్చినపుడు పిలిపించి, స్వాగతమునకు వాయింపించి, శాలువ కప్పి పంపుచున్నాము. వారిలో పెద్దతరము వెళ్లిపోయిన వెనుక, ఆ వాద్యములు గాజుపెట్టెలలో వస్తువులై మిగులును. మేము భయపడునది దీనికే. వాద్యము చచ్చుట పుస్తకము చచ్చుటవంటిది కాదు. పుస్తకమునకు ప్రతియైన మిగులును, వ్రేళ్లలోని విద్యకు ప్రతి లేదు.

యంత్రముండగా ఇన్ని బాధలేల యని యడుగువారికి మా సమాధానమిది. యంత్రమును మేము కాదనుటలేదు. అయితే ఆ యంత్రములో దాగియున్న ధ్వను లెచ్చటివి? లండనులో, వియన్నాలో, సజీవులైన వాద్యకారులు వాయింపగా పట్టి దాచిన ధ్వనులవి. వారు తమ నాదమును నిలుపుకొని ప్రపంచమున కమ్ముచున్నారు; మనము కొని, మన వీరులకు తొడుగుచున్నాము. మోరి ధ్వని ఆ పెట్టెలోనికి రావలెనన్నను మొదట మోరి వాయించువాడు బ్రదికియుండవలెను గదా!

ధనమెక్కడిదని మరికొందరందురు. చలనచిత్రములపై నొక్కదానిపైననే బృందము బ్రదుకవలెనని మే మనుటలేదు. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో రవిశంకరుని నాయకత్వమున వాద్యబృంద నెలకొల్పినప్పుడు లాభము లెక్కచూడలేదు. బొంబాయిలో 2006లో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా వెలసినది. మద్రాసులో 2008లో ఎ.ఆర్. రహమాన్ సంగీతవిద్యాలయము స్థాపించి, పేదపిల్లలను వాద్యబృందముగ తీర్చుచున్నాడు. రేవు, ఉక్కు కర్మాగారము, నౌకానిర్మాణశాల, విశ్వవిద్యాలయము గల విశాఖకు నలుబదిమంది వాద్యకారుల పోషణ బరువా? కావలసినవి నాలుగే: ధ్వని చక్కగ నిలుచు మందిర మొకటి, నెలజీతములపై ఫిడేళ్లు, ఊదు వాద్యములు, తాళవాద్యములు గల బృందము, అందు మన్యపు వాద్యకారులకు అతిథిస్థానము గాక సమానస్థానము, సమానవేతనము, స్వరలిపి వ్రాయగల యువకులకు శిక్షణ. ఇచ్చట చిత్రము తీయువారికి ప్రభుత్వము రాయితీ లిచ్చునపుడు, సంగీతములో కొంతభాగమైన ఇచ్చట ముద్రింపవలెనని నియమము పెట్టవచ్చును. వాయించిన ప్రతివాని పేరును తెరపై వేయవలెనని మరియొక నియమమును పెట్టవచ్చును. చిత్రములు లేని దినములలో ఆ బృందము పాఠశాలలకు పోవును, కళాభారతిలో వాయించును, రేడియోకు వాయించును.

సాలూరి రాజేశ్వరరావు 1999లో కన్నుమూసెను. ఆయన పుట్టిన పల్లెకును ఈ రేవుకును నడుమ దూర మెక్కువ కాదు. కాని తన విద్యకు తగిన వాద్యబృందము కొరకు ఆయన కలకత్తాకు, మద్రాసుకు పోవలసివచ్చినది. ఆనాడు వేరుదారి లేదు. నేడును అట్టి బాలుడు సాలూరులోనో, పాడేరులోనో, జాలరిపేటలోనో పుట్టియుండును. వాని చెవిలో ఇప్పటికే తుడుము మ్రోగుచుండును. వాడును మూట గట్టుకొని పోవలసినదేనా? ఓడను కట్టితిమి, ఉక్కును సాధించితిమి. ఈ రెండింటికిని మొదట నవ్వినవా రున్నారు; పిమ్మట చూడవచ్చినవారును వారే. మన వీరులకు మన నాదము నిచ్చు పని అంతకంటె కష్టమైనది కాదు. విశాఖ పురప్రముఖులును, ప్రభుత్వమును దీని నాలోచింతురు గాక.